మనాలి నుంచి లేహ్‌కి, ఒక ఉన్ని బనీనుతో

లంబసింగి ఘాట్ దిగుతుంటే నా వేళ్ళు బ్రేకు మీద వంగలేదు. జనవరి నెల, తెల్లవారి ఆరున్నర. నర్సీపట్నం నుంచి చీకట్లోనే బయలుదేరాను. డౌనూరు దాటి ఎక్కుడు మొదలయ్యాక చలి సంగతే మరిచిపోయి, జాకెట్ విప్పి హ్యాండిల్‌కి కట్టేశాను కూడా. పైకి చేరేసరికి లోపలి నూలు బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది. పొగమంచులో నిలబడి టీ తాగి, దిగుడు మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. రెండో మలుపు దగ్గర బ్రేకు సరిగా పట్టలేక, మట్టిలోకి దింపి సైకిలు ఆపాను. చంకల్లో చేతులు దూర్చుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. నిజానికి ఆ పొద్దు చలి సున్నా డిగ్రీలకు కూడా దిగలేదు. నన్ను వణికించింది నా చెమటే.

ఆ వణుకు నాతో హైదరాబాద్ దాకా వచ్చింది. ఎందుకంటే ఆ సెప్టెంబరులో సైకిళ్ళ మీద మనాలి నుంచి లేహ్ వెళ్ళాలని బావా నేనూ అప్పటికే నిశ్చయించుకున్నాం. 470 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఐదు కనుమలు, వాటిలో రెండు 5,000 మీటర్లు దాటినవి. లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్లే. అక్కడే బ్రేకు పట్టలేనివాణ్ణి, ఆ ఐదు కనుమల్లో ఒకటైన బారాలాచా ఎలా దిగుతాను?

సైకిలు మీద చలి, కాలినడకన పడే చలి ఒకటి కాదు. ఎక్కేటప్పుడు గంటకు ఆరేడు కిలోమీటర్లు, కొలిమిలా ఒళ్ళు కాగిపోతుంది. శిఖరం దాటిన మరుక్షణం గంటకు నలభై, కాళ్ళకు పని లేదు, గాలి నేరుగా రొమ్ముకు తగులుతుంది. గంటసేపు కార్చిన చెమటంతా ఒక్కసారిగా చల్లబడుతుంది. అందుకే పై జాకెట్ ఎంత ఖరీదైనదన్న దానికంటే, ఒంటికి ఆనుకుని ఉన్న గుడ్డ ఆ చెమటను ఏం చేస్తుందన్నదే నాకు ముఖ్యమనిపించింది. నూలు తాగేసి అట్టే పెట్టుకుంటుంది. పాలియెస్టర్ పోగు నీటిని దాదాపు పీల్చదు. చెమట గుడ్డ మీద పరుచుకుని తొందరగా ఆరుతుంది గానీ, ఆరేలోపు చర్మానికి చల్లగా అతుక్కుంటుంది. ఉన్ని తీరు వేరు. తన బరువులో మూడో వంతు దాకా చెమ్మను పోగు లోపలికి తీసుకున్నా పైకి తడిగా తోచదు. పొడి ఉన్ని చెమ్మను పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుస్తుంది.

ఉన్ని గురించి ఈ సంగతులు చదివినప్పుడు తాత గొంగడి గుర్తొచ్చింది. నారాయణపేట వైపు మా తాత గొర్రెలు కాసేవాడు. వానలో తడిసి ఇంటికొచ్చినా గొంగడి తీసేవాడు కాదు. పొయ్యి దగ్గర కూర్చుంటే దాని మీంచి ఆవిరి లేచేది, చింతగింజల గంజి వాసన వేసేది. "తడిసినా ఎచ్చగనే ఉంటదిరా" అనేవాడు. చిన్నప్పుడు దాని కింద దూరితే మెడంతా గుచ్చుకుని బయటికి పారిపోయేవాణ్ణి. ఇప్పుడు దానికీ కారణం తెలిసింది. 30 మైక్రాన్లు దాటిన పోగు చర్మం మీద వంగదు, గుచ్చుతుంది. మెరినో అనే గొర్రె జాతి పోగు, ఇలాంటి బనీన్లలో సాధారణంగా 17 నుంచి 19 మైక్రాన్లే. మన తలవెంట్రుక సుమారు 60, 70. దక్కను నల్లగొర్రె ఉన్ని బిరుసు, కప్పుకోవడానికే తప్ప లోపల తొడుక్కోవడానికి రాదు.

బనీను వెతకడానికి రెండు నెలలు పట్టింది. మొదట ఒక దుకాణంలో "మెరినో థర్మల్" అని ఇచ్చిన దాన్ని ఇంటికి తెచ్చి లోపలి చీటీ చదివితే మెరినో ఐదో వంతు, మిగతాదంతా యాక్రిలిక్. ఆ తర్వాత చీటీ తిరగేసి చదవకుండా ఏదీ చేతిలోకి తీసుకోలేదు. బరువు దగ్గరా తడబడ్డాను. లేహ్ దారి కదా, మందంగా ఉండాలని 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల) రకం చూశాను. అది తొడుక్కుని హైదరాబాద్ ఫిబ్రవరి పొద్దున గండిపేట దాకా తొక్కితే చెమటతో ముద్దయిపోయాను. కదిలే ఒంటికి పలచనిదే సరి, మందపుది రాత్రి పడకకు. చివరికి తొక్కడానికి 150 జీఎస్ఎంది ఒకటి, నిద్రకు 250ది ఒకటి తీసుకున్నాను.

సైకిలు మీద వంగి కూర్చుంటే చొక్కా వెనక పైకి లేచి నడుము బయటపడుతుంది. కాబట్టి వెనక భాగం పొడుగ్గా ఉండాలి. మెడకు జిప్పు ఉండాలి. ఎక్కేటప్పుడు రొమ్ము దాకా తెరిచి, దిగేటప్పుడు గడ్డం దాకా లాగుకోవచ్చు. భుజాల మీద బ్యాగు పట్టీ కింద కుట్టు పడకూడదు. ఒంటిని అంటుకునే ఉండాలి గానీ బిగించకూడదు. వదులైతే గాలి దూరి, ఉన్ని పట్టుకున్న వెచ్చదనమంతా పోతుంది. ఇంకో సంగతి కూడా పట్టించుకున్నాను. ఈగలు గుడ్లు పెట్టకుండా మెరినో గొర్రెపిల్లల తోక చుట్టూ చర్మం కోసేసే పద్ధతి ఆస్ట్రేలియాలో ఉంది. న్యూజీలాండ్ దాన్ని 2018లో నిషేధించింది. ఆ కోత లేని ఉన్ని అని రాసి ఉన్నదే కొన్నాను. గొర్రెలను పిల్లల్లా సాకిన ఇంట్లో పుట్టి వేరేది తొడుక్కోలేకపోయాను.

"ఆరువేలు పెట్టి బనీనా బామ్మర్దీ?" అన్నాడు బావ. తను పాలియెస్టర్‌వి మూడు సర్దుకున్నాడు.

మనాలిలో బయలుదేరిన రెండో రోజు, మఢీ దాటాక రోహ్‌తాంగ్ మలుపుల్లో దారి మూసుకుపోయింది. లాహుల్ పచ్చికల మీద వేసవంతా మేసి కిందికి దిగుతున్న గద్దీ కాపరుల మంద. వందల గొర్రెలు, మేకలు, రెండు పెద్ద కుక్కలు. సైకిళ్ళు కొండవైపు ఆనించి నిలబడ్డాం. తడి ఉన్ని వాసన, పాల వాసన, గొర్రె పెంటిక వాసన కలగలిసి ఒక్కసారిగా మా ఊరి దొడ్డిలోకి తోసినట్టయింది. మంద వెనక వచ్చిన పెద్దాయన ఉన్ని అంగీ చోలా వేసుకుని, నడుం చుట్టూ నల్ల ఉన్ని తాడు డోరా చాలా వరసలు చుట్టుకున్నాడు. ఆ చుట్టల పైన, చోలా మడతలో, అప్పుడే పుట్టిన పిల్ల ఒకటి తల బయటపెట్టి చూస్తోంది.

ఆయన నా దగ్గర ఆగి, జాకెట్ చేతిలోంచి బయటికొచ్చిన బనీను అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. ఉన్ని కొనేముందు తాత సరిగ్గా అలాగే నలిపేవాడు.

"ఉన్నేనా?" అన్నాడు హిందీలో.

"ఉన్నే బాబాజీ. దూరదేశం గొర్రెది."

"పలచన," అన్నాడు. మరోసారి నలిపి, తలాడించి కదిలిపోయాడు. ఆ రెండు వేళ్ళ పరీక్షలో నెగ్గినందుకు నాకు కలిగిన ఆనందం, ఆ కనుమ ఎక్కినందుకు కూడా కలగలేదు.

కోక్‌సర్, కేలాంగ్, జిస్పా హాయిగా గడిచాయి. నది పక్కన ఎండ ఉండగానే తొక్కి, చీకటి పడకముందే పప్పన్నం తిని పడుకున్నాం. అసలు దారి జింగ్‌జింగ్‌బార్ తర్వాత మొదలైంది. సూరజ్ తాల్ సరస్సు దాటి బారాలాచా పైకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. నాలుగడుగులు తొక్కడం, ఆగి ఊపిరి తీసుకోవడం. 4,800 మీటర్ల పైన గాలిలో పట్టే లేదు. ప్రార్థనా పతాకాలు గాలికి చిరిగిపోతాయా అన్నట్టు కొట్టుకుంటున్నాయి. మబ్బు కమ్మి సన్నగా మంచు రాలింది.

జిప్పు తెరిచి వేలుపెట్టి చూశాను. వీపు మీద చెమ్మ ఉంది. కాని చల్లగా లేదు. జిప్పు గడ్డం దాకా లాగి, పైన గాలి చొరని జాకెట్ వేసుకున్నాను. ఉన్ని ఒక్కటే గాలిని ఆపలేదు, దానికి పైన అడ్డు ఉండాల్సిందే. బావ ముఖం పాలిపోయి ఉంది. డాబాలో పరాఠా చుట్టి ఇచ్చిన హిందీ పేపరు నా సంచిలో ఉంటే, దాన్ని మడతలు విప్పి అతని జెర్సీ కింద రొమ్ముకు అడ్డంగా దూర్చాను. కనుమ నెత్తిన పేపరు అందుకుని రొమ్ముకు పెట్టుకుని దిగడం ఉన్ని జెర్సీల కాలం నుంచీ టూర్ డి ఫ్రాన్స్ సైకిలిస్టులు చేసిన పనే.

భరత్‌పూర్ వైపు దిగుడు. రాళ్ళు, వాగు నీళ్ళు, మిలిటరీ లారీలు. నా వేళ్ళు బ్రేకు మీద వంగుతున్నాయి. ప్రతి మలుపులోనూ వాటినే చూసుకున్నాను. లంబసింగిలో మొరాయించిన వేళ్ళే ఇవి. బావ భరత్‌పూర్ డేరాలో ఆగి, తడి బనీను మార్చుకుని, పొయ్యి పక్కన రెండు గ్లాసుల టీ తాగాకే మాట్లాడగలిగాడు. "నీదియ్యి బామ్మర్దీ, రాత్రిది," అన్నాడు. సర్చూలో ఆ రాత్రి డేరా బయట సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. 250ది బావ ఒంటి మీద, 150ది నా ఒంటి మీద, రజాయిలు రెండు చొప్పున.

మెరినో గురించి మంచే చెబితే అన్యాయం. గాటా లూప్స్ 21 మలుపులు ఎక్కేరోజు బ్యాగు పట్టీ రాపిడికి కుడి భుజం మీద వేలు పట్టేంత కన్నం పడింది. ఈ గుడ్డ నాజూకు. నైలాన్ పోగు చుట్టూ మెరినో పేనిన రకం తీసుకుని ఉంటే ఇంకొంచెం ఆగేదేమో. పాంగ్‌లో సూది అడిగితే డాబా నడిపే లదాఖీ అక్క నా చేతిలోంచి బనీను లాక్కుని తనే కుట్టింది. తెల్లదారం లేక ఎర్రదారంతో. మోరె మైదానంలో ముప్పై నలభై కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కినంతసేపూ ఆ ఎర్ర కుట్టు భుజాన్ని సన్నగా గీరుతూనే ఉంది.

తంగ్‌లాంగ్ లా 5,300 మీటర్లు దాటి రుమ్‌త్సే మీదుగా ఉప్షీ చేరాం. అక్కడ సింధు నది. తొమ్మిది రోజులుగా ఉతకని బనీను తీసి ముక్కుకు ఆనించాను. పొగ వాసన వచ్చింది, కాస్త గొర్రె వాసన, అంతే. బావ మూడు బనీన్లనూ సంచిలోంచి తీయడానికి అతనికే మనసొప్పలేదు. నది ఒడ్డున కూర్చుని ఎవరివి వాళ్ళం ఉతుక్కున్నాం. ఉన్నిని మెలిపెట్టి పిండకూడదు, వేలాడదీస్తే సాగిపోతుంది. తువ్వాలులో చుట్టి అదిమి, వెచ్చటి బండ మీద పరిచాను. బావవి గంటలో ఎండిపోయాయి. నాది సాయంత్రానికి కూడా చంకల దగ్గర, ఎర్ర కుట్టు చుట్టూ చెమ్మగానే ఉంది. గాలి తిరిగింది, కారూ ఊరు చేరాలి. అలాగే తొడుక్కుని సైకిలెక్కాను. మొదట ఒక్క క్షణం చురుక్కుమంది. తర్వాత వెచ్చబడింది.