కమాను పట్టీలు

పాడేరు నుండి చోడవరమునకు దిగు కనుమదారిలో ఒకమారు ప్రయాణము చేసినవారు దాని మలుపులను మరువజాలరు. ఒకవైపు కొండగోడ, వేరొకవైపు లోయ. నడుమ నడుమ కాఫీ తోటలు, వానికి నీడనిచ్చు సిల్వరు ఓకు చెట్లు, ఆ చెట్లపై ప్రాకిన మిరియపు తీగెలు. కన్నులకు ఎంత పండుగయో, నడుమునొప్పి గల వృద్ధులకు అంత పరీక్ష.

ఆ మన్యములోని యొక పల్లెలో ఉద్యోగవిరమణ చేసిన తెలుగు మాస్టారొకరు నివసించుచుండిరి. ఆయన తల్లికి ఎనుబది యేండ్లు నిండినవి. వెన్నుపూసలు అరిగినందున ఆమెను నెలకొకసారి విశాఖపట్నములోని వైద్యుని యొద్దకు తీసికొనిపోవలసి వచ్చెను. దారి నూరు కిలోమీటర్లకు పైమాట. మాస్టారికి గల వాహనము పాత జిప్సీ యొక్కటే. ఆసుపత్రికి పోవుటకన్న పోయి వచ్చిన తరువాతి రెండు దినములే ఆమెకు ఎక్కువ బాధగా నుండెడివి. మూడవ నెలలో ఆమె, "నాయనా, నొప్పి కుదురుటకు మందు తెచ్చుకొనుచున్నామా, మందుకొరకు పోయి నొప్పి తెచ్చుకొనుచున్నామా?" అని అడిగెను. మాస్టారు బదులు చెప్పలేకపోయెను.

జిప్సీ మన దేశమునకు క్రొత్త కాదు. జపాను దేశములో సుజుకీవారు నిర్మించిన చిన్న కొండబండియే దీనికి మూలము. మారుతి సంస్థ దీనిని 1985లో ఇచట విడుదల చేసెను. మొదట 970 ఘన సెంటీమీటర్ల ఇంజనును, 1996 నుండి 1,298 ఘన సెంటీమీటర్ల ఇంజనును అమర్చిరి. కావలసినపుడు నాలుగు చక్రములకును ఇంజను బలమును మరల్చవచ్చును. బరువు దాదాపు ఒక టన్ను మాత్రమే. సైన్యమును పోలీసు శాఖయు దీనిని విరివిగా వాడినవి. 2019లో సామాన్య ప్రజలకు దీని విక్రయము నిలిచిపోయినను, బురదలోను రాళ్లలోను చిక్కుపడక బయటికి రాగల యీ బండిని కొండప్రాంతములవారు నేటికిని విడిచిపెట్టలేదు.

దీని క్రింద వంగి చూచినచో ముందు ఒకటి, వెనుక ఒకటి గట్టి ఇరుసులు కనబడును. వానిపై బండి బరువును మోయునవి కమాను పట్టీలు. విల్లువలె వంచిన ఉక్కు పలకలను, పొడవు తగ్గు వరుసలో ఒకదానిక్రింద నొకటి పేర్చి, నడుమ మర బిగించి, ఇరుసునకు యు-బోల్టులతో కట్టుదురు. పై పలక కొనలు రెండును కన్నులవలె చుట్టబడి యుండును. ఒక కన్నును చట్రమునకు నేరుగా తగిలింతురు; రెండవదానిని షాకిల్ అను ఊగుడు బద్దకు తగిలింతురు. చక్రము రాతిపైకి ఎక్కినపుడు విల్లు చదునగును. చదునైనపుడు దాని నిడివి పెరుగును. ఆ పెరుగుదలకు చోటిచ్చుటయే షాకిల్ చేయు పని. ఇక వంగిన పట్టీ మరల పైకెగిరి ఊగుచునే యుండకుండ ఆపునది షాక్ అబ్సార్బరు. దానిలోని నూనె సన్నని రంధ్రములగుండ దూరలేక దూరుచు ఊపునంతటిని వేడిగా మార్చివేయును.

మాస్టారి మేనల్లుడు ఫోనులో కొన్ని చిత్రములను చూపెను. వానిలో జిప్సీలు మూడేసి అంగుళములు ఎత్తు లేచి, పెద్ద చక్రములతో ఏనుగు గున్నలవలె నిలిచియుండెను. మాస్టారికి అరువదియైదేండ్ల వయస్సున గూడ వానిపై మోజు కలిగెను. అమ్మ నడుము పేరు చెప్పి బండిని ఎత్తు చేయింపవచ్చునని ఆయన మనస్సులో ఒక మూల సంతోషించెననుట కూడ నిజమే. పింఛను సొమ్ములో కొంత కూడబెట్టి, చోడవరములోని ఒక వృద్ధ మేస్త్రి యొద్దకు బండిని తోలుకొనిపోయెను.

మేస్త్రి చిత్రములను చూడలేదు. బండి వెనుక మూలను రెండు చేతులతో నొక్కెను, అది కదలలేదు. నేలపై పరుండి క్రిందికి దూరి చాలసేపు చూచెను. షాక్ అబ్సార్బరుల నుండి నూనె కారి ధూళితో గడ్డకట్టియుండెను. రబ్బరు బుష్షులు ఎండి పగిలిపోయినవి. పలకల నడుమ త్రుప్పు పట్టి అవి ఒక దానిపై నొకటి జారుట మానివేసినవి. వెనుక కట్టలలో మిగిలినవానికంటె దళసరియైన పట్టీ యొకటి ప్రతి ప్రక్కను అదనముగా నుండెను.

"మాస్టారూ, ఇంతకుముందు ఈ బండి ఎవరిది?"

"కాఫీ వ్యాపారిది."

"అదియే సంగతి. బస్తాలకొరకు పట్టీలు చేర్చినాడు. ఈ బండి ఇప్పుడు మిమ్ములను మోయుటలేదు; ఎప్పుడో దిగిపోయిన బస్తాలను మోయుచున్నది."

ఆ మాట వినగానే మాస్టారికి తల్లి తరచు చెప్పు మాట గుర్తుకు వచ్చెను. చిన్నతనమున అనకాపల్లిలో ఆమె జట్కాబండ్లు ఎక్కెడిది. వానికిని కమాను పట్టీలే. ఒక్కరు ఎక్కినచో జట్కా ఎముకలు కదలించెడిదట. నలుగురు ఎక్కినచో ఉయ్యాలవలె పోయెడిదట. బండివాడు "ముందుకు జరుగుడు, వెనుకకు జరుగుడు" అని బరువును సరిదిద్దిన పిమ్మటగాని గుఱ్ఱమును అదలించెడివాడు కాడట. మాస్టారు ఇన్నాళ్లును దానిని ముసలివారి ముచ్చటగా విని ఊరకుండెను.

ఎత్తు సంగతి మాస్టారే మరల ఎత్తెను. మేస్త్రి ఓపికతో చెప్పెను. పొడవైన షాకిళ్లు వేసినచో ముందు ఇరుసు కొంత వాలును. అప్పుడు స్టీరింగు తనంత తాను తిన్నదనమునకు వచ్చు గుణము తగ్గును. బ్రేకు గొట్టములు చాలకపోవచ్చును. ప్రొపెల్లరు షాఫ్టు వంకర కోణమున తిరుగును. బరువు పైకి పోయిన బండి కనుమ మలుపులలో ఎక్కువగా ఒరుగును. పైగా పెద్దమ్మగారు అంత ఎత్తు ఎట్లు ఎక్కగలరు? ఈ చివరి ప్రశ్నకు మాస్టారు తలవంచెను. తయారీదారు నిర్దేశమునకు విరుద్ధముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము అంగీకరింపదను మాట మేస్త్రి ఎత్తకపోయినను, మాస్టారికి తెలియనిది కాదు.

చుట్ట స్ప్రింగులు వేయింపవచ్చునా అనియు ఆయన అడిగెను. 2023లో మన దేశమున విడుదలైన జిమ్నీకి అవియే యున్నవి, అవి మెత్తనివి. కాని పట్టీ బరువును మోయుటయే కాక ఇరుసును దాని చోట నిలుపును గూడ. చుట్ట స్ప్రింగు ఆ రెండవ పని చేయజాలదు. ఇరుసును పట్టుటకు వేరుగా కడ్డీలు కావలెను; వానికై చట్రమునకు అదుకులు వేయవలెను. మాస్టారు ఆ ఆశను అంతటితో విడిచెను.

పని రెండు దినములు సాగెను. కట్టలను విప్పి, అదనపు పట్టీలను తీసివేసి, ప్రతి పలకను త్రుప్పు పోవ గీకి, గ్రాఫైటు గ్రీజు పూసి మరల పేర్చిరి. యు-బోల్టులు, బుష్షులు, షాక్ అబ్సార్బరులు క్రొత్తవి వేసిరి. బండి జాకీలపై నుండగా షాకిల్ మరలను వదులుగానే ఉంచి, చక్రములు నేలపై నిలిచి బరువు పడిన తరువాతనే మేస్త్రి వానిని గట్టిగా బిగించెను. గాలిలో బిగించిన బుష్షు నేలకు దిగగానే మెలిపడి త్వరలోనే చిరుగునట. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట యు-బోల్టులను మరల బిగింపవలెనని చెప్పి, తీసిన రెండు పట్టీలను గోనెలో చుట్టి ఇచ్చెను.

మరుసటి నెల తల్లి ముందు సీటులో కూర్చుండెను. మొదటి గోతి రాగానే అలవాటు చొప్పున ఎదుటి కడ్డీని రెండు చేతులతో పట్టుకొనెను. బండి దిగెను, లేచెను, ఊరకుండెను. పదునైన రాళ్ల దెబ్బ ఇప్పటికిని తగులుచునే యుండెను. మలుపులలో బండి మునుపటికంటె ఒరుగుటచే మాస్టారు వేగము తగ్గింపవలసి వచ్చెను. సగము కనుమ దిగునప్పటికి ఆమె ఒక చేతిని కడ్డీ నుండి తీసివేసెను. చోడవరము చేరునప్పటికి రెండవ చేతిని గూడ తీసి నిద్రించుచుండెను. మేలుకొని, "జట్కా అంత లేదు గాని, ఫరవాలేదు" అనెను.

ఆ వారమే పొరుగు రైతు నాలుగు మిరియాల బస్తాలను తెచ్చెను. వానిని సంతకు చేర్చుట మాస్టారు ఎన్నో యేండ్లుగా చేయుచున్న సాయము. మూడవ బస్తా ఎక్కగానే వెనుక భాగము క్రుంగి, ఇరుసు రబ్బరు దిమ్మెకు దాదాపు తగిలెను. మాస్టారు దానిని దింపించెను. రైతు అరుగు క్రింద నున్న గోనెమూటను చూచి, "ఆ పట్టీలను మరల వేయింపరాదా, మాస్టారూ?" అనెను.

మాస్టారు ఇంటిలోనికి చూచెను. తల్లి నులకమంచముపై కూర్చుండి వత్తులు చేయుచుండెను.

"రెండు బస్తాలు ఇప్పుడు తీసికొనిపోదము. మిగిలిన రెంటికి సాయంకాలము మరల వత్తును" అని ఆయన బండి తలుపు తెరచెను.