మామూ బండికి ఏ ఆయిల్?

మర్హూమ్ మామూ స్ప్లెండర్‌ని ముమానీ నాకే అమ్మింది. బండి ఉమర్ 9 ఏళ్లు. తిరిగింది 7 వేల కిలోమీటర్లే. ఇల్లూ, మసీదూ, అంతే.

"పాత బండి భాయ్, గాఢా ఆయిల్ పోద్దాం" అన్నాడు మిస్త్రీ. ఇంజన్ ఇంకా జవాన్‌గానే ఉంది. అరిగిన ఇంజన్‌కిచ్చే దవా దీనికెందుకు? కంపెనీ కితాబులో ఉన్న 10డబ్ల్యూ-30నే పోయించాను. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూసి మరీ. ఈ బండి క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కార్ల ఆయిల్ పోస్తే జారొచ్చు.

తక్కువ తిరిగిందని పాత ఆయిల్ సాఫ్‌గా ఉండదు. దగ్గర చక్కర్లకు ఇంజన్ పూరాగా వేడెక్కదు, లోపలి నమీ ఆయిల్‌లోనే చేరుతుంది. అందుకే ఇకమీద కేలండర్ హిసాబే: తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే.

గల్లీలో ఆ ఆవాజ్ వినపడితే ముమానీ ఇప్పటికీ కిటికీ తెరుస్తుంది.