దస్తర్‌ఖాన్ ఎవరెత్తాలి?

మా ఇంట్లో దావత్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేది ఇంటివాళ్లే. మెహమాన్ పళ్లెం ముట్టుకుంటే అమ్మీ ఒప్పుకోదు. కొన్ని ఇళ్లలో తిన్నవాళ్లే ఎత్తి వెళ్తారు. రెండూ సబబే, ముందే తెలిసుంటే.

2010 నాటి మాట. నా పాత వార్తలన్నీ సీడీల్లో ఉన్నాయి, యూనికోడ్‌కి ముందు జమానా ఫాంట్‌లో. తెరిస్తే తెలుగు కాదు, పిచ్చి గుర్తులు. 2003లో అబ్బా పోయినప్పుడు రాసిన వ్యాసం కూడా అందులోనే ఉంది. ఒక దోస్త్ ఫాంట్ మార్చే డీఎల్‌ఎల్ ఇచ్చాడు. దాన్ని పిలిచే ప్రోగ్రాం నేనే రాసుకున్నాను. అమీర్‌పేటలో నేర్చుకున్న నాలుగు ముక్కల సీ ఇచ్చిన ధైర్యం!

ఒక ఫైలు మారేది, రెండోదానికి ప్రోగ్రాం కూలిపోయేది. ఒక్కోసారి మొదటిదానికే. మూడు రాత్రులు అదే తమాషా.

డీఎల్‌ఎల్‌లో ఫంక్షన్ ఎక్కడుందో కనుక్కుని, ఆ చిరునామాని ఫంక్షన్ పాయింటర్‌లో పెట్టుకుని పిలుస్తాం. పాయింటర్ అంటే పతా రాసిన చిట్టీ. ఇల్లెక్కడో చెబుతుంది, ఆ ఇంటి తెహజీబ్ చెప్పదు. అది పాయింటర్ టైపులో మనమే రాయాలి. నేను రాయలేదు. కంపైలర్ గొణిగితే క్యాస్ట్ పెట్టి నోరు మూయించాను.

32 బిట్ల విండోస్‌లో ముఖ్యమైన రివాజులు రెండు: సీడెక్ల్, స్టడ్‌కాల్. రెండింట్లోనూ ఆర్గ్యుమెంట్లు స్టాక్ మీదికి కుడి నుంచి ఎడమకే ఎక్కుతాయి. (ఉర్దూ మీడియం వాణ్ణి, ఇది చదివి ఎంత ఖుష్ అయ్యానో!) ఫరక్ అంతా సర్దడంలోనే. సీడెక్ల్‌లో పిలిచినవాడే స్టాక్ సర్దాలి. ప్రింట్‌ఎఫ్ లాంటి ఫంక్షన్‌కి ఈసారి ఎన్ని ఆర్గ్యుమెంట్లు వస్తాయో ముందుగా తెలియదు, ఆ హిసాబ్ పిలిచినవాడి దగ్గరే ఉంటుంది. స్టడ్‌కాల్‌లో పిలుపు అందుకున్నవాడే సర్ది వెళ్తాడు.

దోస్త్ డీఎల్‌ఎల్ స్టడ్‌కాల్. ఏమీ రాయలేదు కాబట్టి నా పాయింటర్ సీడెక్ల్ అయిపోయింది. మూడు ఆర్గ్యుమెంట్లు, 12 బైట్లు. డీఎల్‌ఎల్ సర్దేసింది, నా ప్రోగ్రాం మళ్లీ సర్దింది. స్టాక్ పాయింటర్ 12 బైట్లు పక్కకి జరిగి నా ఫంక్షన్ సొంత సామాను మీదికి వచ్చి కూర్చుంది. తర్వాతి పిలుపు దాని మీదే రాసేసింది.

"మామూ, డీబగ్ బిల్డ్‌లో నడిపి చూశారా?" అన్నాడు భాంజా. అలాంటిదొకటి ఉందనే పట్టించుకోలేదు నేను. నడిపితే విజువల్ స్టూడియో సాఫ్‌గా చెప్పేసింది: ఈఎస్‌పీ విలువ సరిగా నిలవలేదు, పాయింటర్‌ని వేరే కాలింగ్ కన్వెన్షన్‌తో డిక్లేర్ చేసి ఉండొచ్చు అని. టైపులో ఒక్క మాట చేర్చాను, స్టడ్‌కాల్ అని.

64 బిట్ల విండోస్‌లో ఈ ఝగడా లేదు. మొదటి నాలుగు ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలో వెళ్తాయి, స్టాక్ సర్దడం పిలిచినవాడి జిమ్మేదారీ. ఇప్పటి పిల్లలకి చెబితే కిస్సా అనుకుంటారు.

ఆ రాత్రే అబ్బా వ్యాసం తెలుగులో తెరుచుకుంది. అమ్మీకి తెలుగు చదవడం రాదు. స్క్రీన్ చూస్తూ ఉర్దూలో చెబుతున్నాను. మధ్యలో ఆపింది. అబ్బా ముందు పనిచేసింది చెప్పుల దుకాణంలో కాదట, గడియారాల దుకాణంలోనట. ఏడేళ్ల కిందటే అచ్చయిపోయిన గలతీ.