ఖే ఖబర్, ఖాఫ్ ఖబర్

ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ చెవి మెలేసి మరీ నేర్పారు: ఖేతో రాస్తే ఖబర్ అంటే వార్త, ఖాఫ్‌తో రాస్తే సమాధి. రాతలోనే ఆ తేడా. మా దక్కనీ నోట్లో రెండూ ఒకటే. మొదటి ఖబర్లు రాసుకుంటూ బతుకుతున్నాను. రెండో ఖబర్ మా ఖాందాన్‌లో ఒకటి తక్కువ.

అది మా బడే మామూది. బందరు నుంచి గాజులు తీసుకుని దివిసీమ ఊళ్లు తిరిగేవాడట. 1977 నవంబరు 19. బక్రీద్ రెండు మూడు రోజుల్లో ఉందనగా, నాలుగు డబ్బులొస్తాయని వెళ్లాడు. ఉప్పెనలో పోయాడు. మయ్యత్ దొరకలేదు. అమ్మీ ఇప్పటికీ సముందర్ అనదు. 'వో పానీ' అంటుంది.

అలాంటిది, రిపోర్టింగ్ కోసం పరిశోధన నౌక ఎక్కుతున్నానంటే ఊరుకుంటుందా? రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి దండకి ఇమామ్ జామిన్ కట్టి పంపింది.

బంగాళాఖాతం మధ్యలో, 3,000 మీటర్ల లోతున్న చోట, మూరింగ్ వేస్తున్నారు. గొడ్డుని గుంజకి కట్టేసినట్టు, పరికరాల్ని సముద్రంలో ఒకచోట కట్టేయడమన్నమాట. ముందు లంగరు వేస్తారనుకున్నాను. ఉల్టా! ముందు క్రేన్‌తో పసుపు రంగు బోయాని దించారు. జహాజ్ నత్తలా ముందుకి కదులుతుంటే వెనకనుంచి తీగ వదులుతూ, గుర్తు పెట్టిన చోటల్లా ఒక్కో పరికరం బిగించారు. 500 మీటర్ల దాకా నీటి వేడి, ఉప్పదనం కొలిచేవి. తర్వాత కిలోమీటర్ల కొద్దీ నైలాన్ తాడు. నేను ఫోటో కోసం తాడు మడతలో కాలు పెట్టాను. "పైర్ హటావ్!" అని ఒక నావికుడు అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. ఆ మడత బిగుసుకుంటే కాలు మిగలదు.

మధ్యాహ్నానికి బోయా చుక్కయిపోయింది. అప్పుడొచ్చింది లంగరు వంతు, టన్నుల ఇనుము. అనుకున్న చోటు కొంచెం దాటాక వదిలారు. తాడు దాన్ని దిగుతూ దిగుతూ వెనక్కి లాగుతుందట, ఆ లెక్క. ఒక చప్పుడు, కాస్త నురగ, అంతే. నా నోట 'బిస్మిల్లా' ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు. దూరాన బోయా, ముకుతాడు పట్టి ఎవరో లాగినట్టు, మావైపు పరుగెత్తడం మొదలెట్టింది. అడుగు తగలడానికి దాదాపు అరగంట. అందరం మాట్లాడకుండా నిలబడ్డాం.

మళ్లీ వచ్చినప్పుడు జహాజ్ నుంచి ఒక శబ్దం పంపిస్తే, లంగరు పైనున్న కొక్కెం విడిపోతుందట. పరికరాలు పైకొస్తాయి.

"మరి లంగరు?"

"అక్కడే ఉండిపోతుంది," అన్నాడు ఇంజనీరు.

తుఫానుకి తిండి పెట్టేది నీటి లోపలి వేడి. ఆ వేడి సంగతి బోయా శాటిలైట్ ద్వారా ఒడ్డుకి పంపిస్తే, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ వాళ్లూ చూస్తారు. 1977లో ఆ నీళ్లలో ఇలాంటిది ఒక్కటీ లేదు. బోయా ఒక్కటే ప్రాణాలు కాపాడుతుందని మాత్రం నేను రాయను. చెప్పిన మాట ఊరికి చేరాలి, ఎత్తులో ఒక పక్కా గది ఉండాలి. పైగా బోయా నీడకి చేపలు చేరతాయి, చేపల కోసం పడవలొచ్చి దానికే తాళ్లు కడతాయి, పరికరాలు పాడవుతాయి. పొట్టకూటికొచ్చిన వాళ్ల మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చాక అమ్మీ ఇమామ్ జామిన్ విప్పుతూ అడిగింది: "పానీ మే క్యా డాల్ కే ఆయా?"

"లంగర్, అమ్మీ. పానీ కీ ఖబర్ దేతా."

చెయ్యి ఆగింది. "వహాఁ సే దివి కిత్తా దూర్?"

చాలా దూరమన్నాను.

"ఫిర్ భీ," అని, కొంగు తల మీదికి లాక్కుని ఫాతెహా చదవడం మొదలుపెట్టింది.