డ్రాయర్‌లో మిగిలిన ఐదు మాత్రలు

మా బంధువుల్లో నాకు ‘సగం డాక్టరు’ అని పేరు. బీయస్సీ బాటనీ చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరినవాణ్ని. అయినా ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు ఫోను నాకే. ఆ మురిపెం ఒకటుండేది.

మేనల్లుడు ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉండేవాడు. దసరా సెలవులకి జ్వరంతోనే దిగాడు. సాయంత్రమయ్యేసరికి కాలిపోయేవాడు, నిన్నటికంటే ఇవాళ ఇంకాస్త ఎక్కువ. విరేచనాలు లేవు, పైగా మలబద్ధకం. కడుపు సంగతి కాదని తేల్చేశాను. మూడోరోజు వీధి చివరి ల్యాబులో వైడాల్ చేయిస్తే నెగటివ్. “చూశావా, టైఫాయిడ్ కాదు” అన్నాను చెల్లెలితో. ఆ పరీక్ష వెతికేది సూక్ష్మజీవిని కాదనీ, దాన్ని ఎదిరించడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలననీ, అవి కనబడటానికి వారమైనా పడుతుందనీ తర్వాత తెలిసింది.

టైఫాయిడ్ కాదన్న నోటితోనే, ఎందుకైనా మంచిదని, డ్రాయర్‌లో ఎప్పటివో మిగిలిన ఐదు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు వేయించాను. జ్వరం కాస్త దిగింది. నా ఛాతీ ఉబ్బింది. మళ్లీ పెరిగాక, ఎనిమిదోరోజున ఆస్పత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు అడిగారు: “యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?”

“లేదండీ, పారాసిటమాలే” అన్నాను. చెల్లెలు పక్కనే ఉంది. ఆ మాత్రలేమిటో దానికి తెలియదు, జ్వరం బిళ్లలనుకుంది. సగం డాక్టరుని కదా, చీవాట్లు తినడం నామోషీ అనిపించింది.

టైఫాయిడ్ తెచ్చే సూక్ష్మజీవి సాల్మొనెల్లా టైఫీ. అది నీళ్లతోనో తిండితోనో లోపలికి పోయి, చిన్నపేగు గోడ దాటి, తనను మింగి చంపాల్సిన కణాల్లోనే కాపురం పెడుతుంది. వాటిలో కూర్చునే కాలేయానికి, ప్లీహానికి, ఎముకల మజ్జకి చేరుతుంది. అక్కడ పెరిగి రక్తంలోకి వచ్చినప్పుడు జ్వరం. దాన్ని పట్టుకోవాలంటే రక్తం కల్చర్ చేయాలి. ఏ మందూ వాడకుండా చేసినా పదిసార్లలో సుమారు నాలుగుసార్లు దొరకదు. ఇక యాంటీబయాటిక్ పడ్డాక ఆ కాస్త అవకాశమూ తగ్గుతుంది. పైగా మన దేశంలో దొరుకుతున్న టైఫీ చాలావరకు సిప్రోకి లొంగడం మానేసింది. నా ఐదు మాత్రలు దాన్ని చంపడానికి చాలలేదు, దాచిపెట్టడానికి మాత్రం సరిపోయాయి.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. నా అబద్ధాన్ని నమ్మి, వైరల్ జ్వరమై ఉంటుందని ఇంటికి పంపారు. పద్దెనిమిదోరోజు తెల్లవారుజామున వాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. ముట్టుకుంటే పొట్ట చెక్కలా ఉంది. మూడోవారంలో టైఫాయిడ్ చేసే పనే అది: పేగుకి చిల్లి పడింది.

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని, చేసేదేమీ లేక, ఫోన్‌లో చదివాను. 2016లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కి కూడా లొంగని టైఫాయిడ్ మొదలైందట. ఆ ఊరి పిల్లలకి వేసిన టీకా మన హైదరాబాద్‌లో తయారైందే. రెండేళ్ల కిందట చెల్లెలు ఆ టీకా గురించే నన్ను అడిగింది. “ఈ రోజుల్లో టైఫాయిడ్ ఎవరికొస్తుందమ్మా, దండగ” అన్నాను.

సర్జన్ బయటికి రాగానే పక్కకి తీసుకెళ్లి మాత్రల సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఎన్ని, ఎన్నో రోజున అని అడిగి కేస్‌షీట్‌లో రాసుకున్నారంతే. నాలుగు తిడితే బాగుండుననిపించింది.

వాడు బతికాడు. ఒక ఏడాది చదువు పోయింది. బొడ్డు మీదుగా నిలువునా గాటు మిగిలింది. చెల్లెలికి ఇప్పటికీ చెప్పలేదు. మొన్న రాత్రి పదింటికి ఫోను చేసింది. “అన్నయ్యా, బావగారికి ఒళ్లు కాలుతోంది. నీ దగ్గర ఏమైనా మాత్రలున్నాయా?”