తొట్లకొండ మీద ఒక పూట

రాత్రి బండి తుని దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. విశాఖపట్నంలో దిగేసరికి మే నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తొట్లకొండకి తెల్లారకముందే చేరాలనీ, ఆ వేళ అక్కడ గాలి, సముద్రం తప్ప మరేమీ వినపడవనీ, ఫోను కూడా పలకదనీ నన్ను పంపిన మిత్రుడు చెప్పాడు. ఆయన ధ్యానం తరగతులకు వెళ్తుంటాడు. నాలుగు గోడల మధ్య కళ్ళు మూసుకుంటే నాకు నిద్రొస్తుందని తెలుసు కాబట్టి, "నువ్వు ఆరుబయట కూర్చోవాల్సిన మనిషివి" అన్నాడు. స్టేషన్ బయట టీ తాగి భీమిలి బస్సెక్కాను.

ఋషికొండ దాటాక ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం. రోడ్డు పక్కన తాటిముంజల కుప్పలు. మలుపు దగ్గర దిగగానే ఆటో అతను, "నడిచెళ్తారేటి సార్? ఎండ మాడ్చేస్తాది" అన్నాడు. నడుస్తానన్నాను. నడుము పట్టేసి ఉంది, ఎలాగూ కూర్చోలేను. కొండ ఎత్తు 128 మీటర్లే. మెలికలు తిరిగిన తారు రోడ్డు మీద మోటారు సైకిళ్ళు నన్ను దాటుకుంటూ పోయాయి. కొన్నింటి మీద ముగ్గురేసి ఉన్నారు. సగం ఎక్కేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. జేబులో ఫోను మోగింది, రైలు ప్రయాణం ఎలా జరిగిందో రేటింగు ఇమ్మని.

పైన ఒక వేపచెట్టు కింద పది పదిహేను మంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్ళకి చెబుతున్న ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరయినట్టు తరవాత తెలిసింది. దూరంగా నిలబడి చూస్తుంటే, "రండి బాబూ, చెప్పులు విప్పేసి కూర్చోండి" అని పిలిచారు. బౌద్ధుల సతిపట్ఠాన సుత్తంలో సాధనకి చెప్పిన చోట్లు మూడేనని ఆవిడ అన్నారు: అడవి, చెట్టు మొదలు, ఎవరూ లేని ఇల్లు. ఇక్కడ మూడూ ఉన్నాయట. అడవి సంగతి నాకు అనుమానమే. చుట్టూ పొదలు, జీడిమామిడి చెట్లు, అక్కడక్కడ తాళ్ళు. ఎవరూ లేని ఇళ్ళు మాత్రం నిజంగానే చాలా ఉన్నాయి. భిక్షువుల గదులు, భోజనశాల, చైత్యగృహాలు, అన్నీ పునాదుల ఎత్తున వరసలు తీరి ఉన్నాయి.

1970లలో నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానంలోంచి కొండల్ని సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు కంటపడ్డాయి. పురావస్తు శాఖ తవ్వకాలు 1988 నుంచి 1993 దాకా సాగాయి. రెండువేల ఏళ్ళ కిందట ఇక్కడ బౌద్ధ సంఘం ఉండేది. బుద్ధుడి విగ్రహం లేని తొలిరోజుల సంప్రదాయం వాళ్ళది. విగ్రహాలకు బదులు పాదముద్రలు దొరికాయి. వాటితో పాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోము నుంచి వచ్చిన వెండి నాణేలు కూడా దొరికాయి. లోకం వదిలేసి కొండెక్కిన వాళ్ళ దగ్గర రోము వెండి ఏమిటని అడిగితే, ఒకాయన "దానాలండీ, ఓడల వర్తకులు ఇచ్చి ఉంటారు" అన్నాడు. పక్కాయన కాదన్నట్టు తల ఊపాడు కానీ కారణం చెప్పలేదు.

ఆవిడ మొదట చెవులతో మొదలుపెట్టమన్నారు. అన్నిటికన్నా దగ్గరి శబ్దం ఏదో పట్టుకోండి, తరవాత అన్నిటికన్నా దూరపుది. మంచీ చెడూ అనకండి, ఉన్నది ఉన్నట్టు వినండి. దగ్గరిది, నా పక్కనాయన ముక్కుతో లాగుతున్న ఊపిరి. దూరపుది బీచ్ రోడ్డు మీద లారీ హారను. మధ్యలో ఎక్కడో డ్రోన్ ఒకటి జుమ్మంటోంది. సముద్రం కనపడుతోంది గానీ వినపడలేదు. చాలాసేపటికి గాలి మళ్ళింది. అప్పుడు అలల చప్పుడు పైకి వచ్చింది, మూడు నాలుగు ఊపిర్ల మేర ఉండి పోయింది. కళ్ళు తెరిచాక ఒక్కొక్కళ్ళూ ఏం విన్నారో చెప్పారు. ఇద్దరు పక్షుల్ని, ఒకావిడ నిశ్శబ్దాన్ని విన్నామన్నారు. డ్రోన్ పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తరవాత నడక. పాత విహారాల్లో భిక్షువులు ఇటూ అటూ నడుస్తూ సాధన చేసేవారు, దానికి చంక్రమణమని పేరు. మడమ, మునివేళ్ళు, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడం, ఇదంతా జరుగుతున్నట్టు తెలిసుండాలి, అంతే. వట్టికాళ్ళతో మొదలుపెట్టాం. రాయి కాలిపోతుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? నీడ పట్టున నడవడానికి సందు చూసుకుంటూ మహాస్తూపం వైపు వెళ్ళాను. అక్కడ పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకుంటున్న జంట ఒకటి ఉంది. అమ్మాయి తెల్ల గౌను అంచు ఎర్రమట్టికి రంగు మారిపోయింది. కెమెరా కుర్రాడు మర్యాదగానే, "సార్, కాస్త స్పీడుగా నడుస్తారా? ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు. వేగంగా నడిచి తప్పుకున్నాను.

నీటి తొట్ల దగ్గర మాత్రం ఎవరూ లేరు. కొండకి ఆ పేరు తెచ్చింది అవే, నిలువునా రాయిని తొలిచి వాననీళ్ళు పట్టుకున్న తొట్లు. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒకేచోట ఉండాలన్నది నియమం. ఆ మూడు నెలల వానే మిగతా ఏడాదికి తాగునీరయి ఉంటుంది. నేను చూసినప్పుడు అడుగున పచ్చటి నీళ్ళున్నాయి, మీద ఒక నీళ్ళ సీసా తేలుతోంది. గట్టు మీద కూర్చుని ఊపిరి చూసుకోబోయాను. నా చూపు రాతి మీదికి పోయింది. ఈ కొండల రాయి ఖోండలైటు. దూరం నుంచి తుప్పు రంగులో మామూలుగా కనపడుతుంది, మొహం దగ్గర పెట్టి చూస్తే ఆవగింజంత ఎర్ర గార్నెట్లు పొదిగి ఉన్నాయి. కొన్ని రాలిపోయి, వాటి చోట గుంటలు మిగిలాయి. ఉలి దెబ్బల గీతలేమో అనిపించినవి పక్కనే ఉన్నాయి. అవి నిజంగా ఉలివో, వానవో తేల్చుకోలేకపోయాను.

ఇంతలో తొండ ఒకటి గట్టెక్కింది. మెడదాకా ఎర్రబారి ఉంది, జతకట్టే కాలం మరి. నన్ను చూసి ముందుకాళ్ళ మీద లేచి తల కిందికీ పైకీ ఆడించింది. ఆగింది. మళ్ళీ ఆడించింది. నేను కదల్లేదు. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు, ఊపిరి సంగతి మాత్రం గుర్తు రాలేదు. ఒక చీమ దాని ముందు నుంచి పోయింది. ఆ తరవాత చీమ లేదు.

దిగేముందు ఆవిడ అనుభవం అడిగారు. తొండ గురించి చెప్పాను. "అది పరధ్యానం కదండీ" అని పక్కనాయన నవ్వాడు. ఆవిడ మాత్రం ఏమీ అనకుండా తొండ ఎటు పోయిందని అడిగారు. గేటు దగ్గరి మనిషి ఇంకో సంగతి చెప్పాడు, ఇక్కడి నుంచి ఇంకో బౌద్ధ కొండ బావికొండకి సొరంగం ఉందనీ, భిక్షువులు అందులోంచే రాకపోకలు సాగించేవారనీ. నోరు ఎక్కడుందంటే పొదల వైపు చెయ్యి ఊపాడు. వెళ్ళి చూశాను, ముళ్ళకంపలు తప్ప ఏమీ కనపడలేదు.

దిగి, మంగమారిపేట రేవుకి నడిచాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం కాబట్టి మోటారు పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. ఒక పడవ నీడలో ఓ పెద్దాయన వల అల్లుతూ కూర్చున్నాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించి, చేతులు వాటంతటవే ఆడుతుంటే కళ్ళు మాత్రం నా మీద పెట్టి మాట్లాడాడు. కొండ మీద ఏముందో ఎప్పుడైనా చూశారా అని అడిగాను.

"సిన్నప్పుడు మేకలు తోలీవోణ్ణి బాబూ. ఇప్పుడెల్లను. సంద్రంలోంచే సూత్తాను."

ఎందుకు చూస్తారో ఆయనే చెప్పాడు. చేపలుండే రాతిగుట్టలు నీళ్ళ కింద ఉంటాయి, పైకి ఆనవాలు ఉండదు. అందుకని తీరం మీద దగ్గరిదొకటి, దూరంగా వెనకదొకటి చూసుకుని, రెండూ ఒక వరసలోకి వచ్చిన చోట ఆగుతారు. ఇంకో వైపు ఇంకో జత. రెండు వరసలూ కలిసిన చోటే వల. తన కొడుకు ఫోనులో చుక్క చూసి వెళ్తాడనీ, తను మాత్రం ఫోను సరిగ్గా చెప్పిందో లేదో కొండలు చూసి సరిచూసుకుంటాననీ అన్నాడు. మబ్బు పట్టి కొండ కనపడని రోజుల్లోనో? నీటి రంగు, అల కొట్టే తీరు, తాడుకి కట్టిన బరువు అడుక్కి పోవడానికి పట్టే సేపు.

తొట్లకొండ ఏ కొండతో కలుస్తుందో చూపించమన్నాను. ఇక్కణ్ణించి కలవవట, నీళ్ళ మీదికి వెళ్ళాల్సిందే. నన్ను ఒకసారి తీసుకెళ్తారా అని అడిగాను. వాంతులు అవుతాయా అని ఎదురడిగాడు. అవుతాయనే చెప్పాను. జూన్ 15 తరవాత, ఏమీ తినకుండా రమ్మన్నాడు.