రమ్మన్నది ఎవరు?

మగ్రిబ్ నమాజు ముగిశాక మా చిన్నమ్మాయికి ఫోనులో ఖుర్ఆన్ పాఠం జరుగుతుంది. ఒకనాడు పాఠం మధ్యలో అమ్మాయి మంచినీళ్ల కోసం లేచి వెళ్లింది. ఫోను అలమరకు ఆనించినది ఆనించినట్టే ఉంది. స్నానం చేసి, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ దాదీ ఆ గదిలోకి వచ్చారు. తలపై కొంగు లేదు. తెరమీద తన ముఖమే తనకు కనిపించేసరికి కొయ్యబారిపోయారు. ఆ తెర అవతల మరో పదకొండు ఇళ్లు ఉన్నాయి.

ఆ రాత్రి ఆమె సరిగా భోంచేయలేదు. మమ్మల్ని కోప్పడనూ లేదు. "ఈ కన్నును ఇంట్లోకి రమ్మన్నది ఎవరు?" అని మాత్రం అడిగారు.

రమ్మన్నది మేమే. మొదటి రోజు హడావిడిలో, కెమెరా వాడుకోవచ్చా అని యాప్ అడిగితే చదవకుండానే 'అనుమతించు' నొక్కాము. ఫోను మాది, నొక్కిన వేలు మాది. కనబడింది మాత్రం దాదీ. పరుల ఇంటి ముందు సలాం చెప్పి, అనుమతి దొరికాకే అడుగుపెట్టాలని నూర్ సూరా నేర్పిన మర్యాదను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాము. ఇంటి లోపల కూడా, మనుషులు దుస్తులు సడలించుకునే మూడు వేళల్లో, పిల్లలు అడిగి రావాలని అందులోనే ఉంది. ఆ గుమ్మం కందిగింజంత గాజై ఫోనులో ఉందని మాకు తోచలేదు.

మరునాడు సెట్టింగులలో అనుమతుల జాబితా తెరిచాము. మొన్నటి ఈద్‌కు పిల్లలు వేసుకున్న, ఫొటోలకు పూల చట్రాలు కట్టే యాప్ కూడా అందులో దర్జాగా కూర్చుని ఉంది. దాన్ని తీసేశాము. చెల్లింపుల యాప్‌కు కోడ్ చూపడానికి కెమెరా కావాలి గనుక 'ప్రతిసారీ అడగాలి' అని పెట్టాము. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుండి 'ఈ ఒక్కసారికే' అనే వీలూ ఉంది. రెండుసార్లు కాదంటే ఆ యాప్ ఇక అడగలేదు. మూడుసార్లు అనుమతి కోరి, దొరకకపోతే వెనుదిరగమన్న ప్రవక్త (స) బోధ గుర్తొచ్చి దాదీ మొదటిసారి నవ్వారు: "ఇది రెండింటికే పోతుందా, నయమే!"

చిక్కంతా పాఠంతోనే. అక్షరం పలికేటప్పుడు పెదవుల కదలిక చూడాలని పాఠం చెప్పే ఆపా అన్నారు. ఆ మాట న్యాయమే. చివరకు కొత్త అక్షరాల వేళ మాత్రం కెమెరా, తక్కిన పాఠమంతా గొంతుతోనే అని ఒప్పుకున్నాము. అమ్మాయి ఇప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. కెమెరా తెరిచి ఉంటే తెర పైమూలన పచ్చని గుర్తు వెలుగుతుందని దాదీకి చూపించాము.

అయినా ఆమె గుమ్మం దగ్గరే ఆగి, కొంగు సవరించుకుని అడుగుతారు: "బేటీ, పచ్చచుక్క ఉందా?"